నడకకర్ర: చెక్కుకొన్నదా, కొనుక్కొన్నదా?

చేతిపని పక్షం: అడవిబాటల్లో, కొండదారుల్లో తిరిగేవారి నడకకర్రను ఊళ్ళో వృద్ధులు మోపుకొని నడిచే చేతికర్రతో కలిపి చూడడం వల్లనే ఈ చర్చలో సగం పొరపాట్లు పుడుతున్నాయి. చేతికర్ర మణికట్టు ఎత్తులో ఆగిపోతుంది, ఒంటి బరువులో కొంత భాగాన్ని నేలకు దింపడంతో దాని పని తీరుతుంది. నడకకర్ర చంకదాకా, కొందరి చేతిలో భుజందాకా వస్తుంది, బరువు మోయడంతో పాటు ముళ్ళకంపను పక్కకు తొలగించడం, వాగు లోతు చూడడం, ఎండుటాకుల కింది రాయి నిలకడగా ఉందో లేదో తట్టి తెలుసుకోవడం, పొద్దువాలాక అడుగు వేయబోయే చోట పాములు తొలగేలా నేలను అదరగొట్టడం దాని పనుల్లో చేరతాయి. ఇన్ని పనులు చేయవలసిన పనిముట్టు పట్టుకొనేవారి ఎత్తుకూ పిడికిలికీ, వారు తిరిగే నేలకూ తగినట్టు తయారు కావాలి. దుకాణం వీటిలో ఎత్తును మాత్రమే అడిగి తక్కినవాటిని సగటు మనిషి లెక్కకు వదిలేస్తుంది. తెలుగు ప్రాంతాల్లో ఇందుకు తగిన సరుకుకు కరువు లేదు. లాఠీ వెదురుగా పేరుపడిన, వృక్షశాస్త్రం డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అని పిలిచే జాతి, పొడి నేలల్లో పెరిగినప్పుడు లోపలి బోలు దాదాపు పూడుకుపోయి గట్టి గెడగా వస్తుంది. దాని పోగులు కణుపుకూ కణుపుకూ మధ్య నిలువుగా, ఒకదాని పక్క ఒకటిగా సాగుతాయి కనుక వంపును ఓర్చే గుణం దానికి పుట్టుకతోనే ఉంటుంది. వెదురు దొరకని చోట, పనిముట్ల పిడులకు వాడుతూ వచ్చిన తడ కొయ్య ఉంది.

కార్ఖానా పక్షం: పనుల పట్టిక పొడవైనంత మాత్రాన వాటి ప్రాధాన్యం సమానం కాదు. కంపను తొలగించేటప్పుడు కర్ర విరిగితే చేయి గీరుకుపోతుంది, నిటారు దిగుడులో ఒళ్ళంతా దానిమీద వాలినప్పుడు విరిగితే ఎముక విరుగుతుంది. కాబట్టి బరువు మోసే పనిని ముందు తేల్చి తక్కినవాటిని తరువాత లెక్కించడమే సరి. కర్ణాటక నుంచి ఉగాదికి శ్రీశైలం వెళ్ళే కాలినడక యాత్రికులు నల్లమలలో నాగలూటి, పెచ్చెరువు మీదుగా వచ్చి భీమునికొలను లోయలోకి దిగి మళ్ళీ ఎక్కుతారు; అటువంటి దిగుళ్ళలో దెబ్బ పడేది మోకాలి మీద. 1999లో జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ సైన్సెస్ ప్రచురించిన అధ్యయనం, వాలు దిగేటప్పుడు జత కర్రలు వాడినవారి మోకాలి కీలుపై పడే బలాలు 12 నుంచి 25 శాతం దాకా తగ్గాయని కొలిచి చూపింది. అల్యూమినియం గొట్టాలతోనో, కార్బన్ పోగులను జిగురులో బిగించిన గొట్టాలతోనో చేసే నడకకర్రల పొడవును ఎక్కుడులో తగ్గించుకోవచ్చు, దిగుడులో పెంచుకోవచ్చు. కార్బన్ కర్రల జత అర కిలో లోపే తూగుతుంది, 30 మిల్లీమీటర్ల మందం గల గట్టి కర్ర ఒక్కటే ముప్పావు కిలో దాకా వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒకే అచ్చులో వచ్చిన వెయ్యి గొట్టాల బలం ఇంచుమించు ఒక్కటే, ఒకే పొదలోని రెండు గెడల బలం ఒక్కటి కాదు.

చేతిపని పక్షం: ఆ అధ్యయనం ఫలితాన్ని కాదనవలసిన పని లేదు, కాని అది తేల్చింది రెండు కర్రల ప్రయోజనాన్నే, లోహపు ప్రయోజనాన్ని కాదు, ఇంట్లో చేసుకొన్న కర్రలూ రెండు ఉండవచ్చు. పొడవు మార్చుకొనే సదుపాయం విషయంలోనూ, పిడి ఒకచోట పాతుకొని ఉన్న గొట్టానికి అది తప్పనిసరి అవసరం, చంకదాకా వచ్చే కర్రకు కాదు. ఎక్కేటప్పుడు చేయి కిందికీ, దిగేటప్పుడు పైకీ జరిపితే సరిపోతుంది, ఎందుకంటే కర్ర పొడవునా పట్టు దొరుకుతుంది. ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు బిగింపు దగ్గర జారడం, సన్న ఇసుకా బురదా చేరి పట్టుకుపోవడం వాటిని వాడేవారికి కొత్త సంగతి కాదు. మందం విషయంలో చిన్న లెక్క ఒకటి ఉంది: గుండ్రని కడ్డీ వంగకుండా నిలిచే బిగువు దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టీ, విరగకుండా ఓర్చే బలం మూడో ఘాతాన్ని బట్టీ పెరుగుతాయి. 25 మిల్లీమీటర్ల కర్రకు బదులు 30 మిల్లీమీటర్ల కర్ర తీసుకొంటే బరువు 44 శాతం పెరుగుతుంది, బిగువు రెట్టింపు దాటుతుంది. చెక్కుకొనేవారు తమ బరువును బట్టి ఈ బేరాన్ని తామే తేల్చుకొంటారు, కొనేవారి తరఫున దాన్ని ఇంకెవరో తేల్చి పెడతారు. ఇక విరిగే తీరు. వెదురు విరిగేముందు పగులుతుంది, పగిలేటప్పుడు చప్పుడు చేస్తుంది, పగిలాక కూడా పోగులు పట్టి ఉంచుతాయి. కార్బన్ గొట్టం ఒక్క క్షణంలో రెండు ముక్కలవుతుంది.

కార్ఖానా పక్షం: విరిగే తీరు గురించి చెప్పినది కార్బన్ విషయంలో నిజం, ఆ లోపాన్ని ఒప్పుకోవలసిందే; అందుకే రాళ్ళదారుల్లో బరువైనా అల్యూమినియాన్నే ఎంచుకొనేవారు ఉన్నారు, అది విరగడానికి ముందు వంగుతుంది. కాని వెదురు చేస్తుందంటున్న ఆ చప్పుడు, పోగులు నిలువుగా ఉన్న, పుచ్చు లేని, సరిగా ఆరిన గెడ చేసేది. ఆ మూడు షరతులూ కంటికి కనబడవు. కొయ్య విషయం ఇంకా చిక్కు. కొయ్య పచ్చిగా ఉన్నప్పుడు కణాల లోపలా గోడల్లోనూ నీరు ఉంటుంది. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలై కొయ్య ముడుచుకుంటుంది, ఆ ముడుచుకోవడం కూడా అన్ని వైపులా ఒక్కలా ఉండదు, వలయాల వెంబడి జరిగేది నడిబొడ్డు నుంచి బెరడు వైపు జరిగేదానికి ఇంచుమించు రెట్టింపు. కొమ్మను గుండ్రంగా, దూటతో సహా వాడితే అది ఎక్కడో ఒకచోట నెర్రె విచ్చే అవకాశం ఎక్కువ. వెదురులో నెర్రె కంటే పుచ్చు పెద్ద బెడద, ఎందుకంటే గెడలోని పిండిపదార్థం కోసం పుచ్చు పురుగు లోపలికి దొలుచుకుపోతుంది, పైకి సూదిబెజ్జం తప్ప మరేమీ కనబడదు. వీటికి తోడు చట్టం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తిని తీసుకుపోవడం నేరం. అడవి చూడడానికి వచ్చి, దారిపక్క గెడను నరికి, దాన్ని పట్టుకొని అడవిని మెచ్చుకొంటూ నడవడంలోని విడ్డూరాన్ని చేతిపని పక్షం గమనించినట్టు లేదు.

చేతిపని పక్షం: ఆ విడ్డూరం నిజమే, దానికి సమర్థన లేదు. వెదురును అటవీ ఉత్పత్తిగా సేకరించుకొనే హక్కు 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో బతికేవారికి ఇచ్చింది, విహారానికి వచ్చినవారికి కాదు. కర్రకు గెడ రావలసింది పొలం గట్టు నుంచి, పెరటి పొద నుంచి, లేదా మేదరుల దగ్గర నుంచి. అడవి బయట పెరిగిన వెదురును చెట్టు నిర్వచనం నుంచి తప్పిస్తూ 2017లో కేంద్రం 1927 నాటి అటవీ చట్టాన్ని సవరించింది, రాష్ట్రాల రవాణా నిబంధనలు వేరుగా చూసుకోవాలి. నెర్రె గురించీ పుచ్చు గురించీ చెప్పిన శాస్త్రం సరైనదే, కాని అది చేతిపనికి తెలియని శాస్త్రం కాదు. చేతిపనిలోని ప్రతి మెట్టూ దానికి జవాబుగానే పుట్టింది. వెదురు గెడ మొదటి ఏడాదిలోనే పూర్తి ఎత్తుకూ మందానికీ చేరి, ఆ తరువాత లావెక్కక, గోడలు గట్టిపడుతూ పోతుంది. అందువల్ల లేత ఆకుపచ్చ తళుకుతో, పిలక పొరలు ఇంకా అంటుకొని ఉన్న గెడను వదిలి, మూడేళ్ళు దాటినదాన్ని ఎంచుతారు. చిగుళ్ళు వేసే వానాకాలంలో కాక పిండిపదార్థం తగ్గిన చలికాలంలో కోస్తారు. అమావాస్యకు ముందు కోయాలన్న నమ్మకం సంగతి ఎలా ఉన్నా కాలం ఎంపికలో మటుకు పనివాళ్ళు చూపిన శ్రద్ధ సరైనది. కోసిన గెడను కొన్ని వారాలు పారే నీటిలో నానబెడితే మిగిలిన పిండి చాలావరకు కరిగిపోతుంది. ఆపైన నీడలో, నిలువుగా ఆనించి, నెలల తరబడి ఆరబెడతారు. కొయ్య అయితే రెండు కొనలకూ మైనం పూసి, తేమ కొనల నుంచి తొందరగా పారిపోకుండా చూస్తారు; దూట ఉన్న కొమ్మను కాక, పెద్ద దుంగను పోగుల వెంబడి చీల్చి, దూట లేని చేవ ముక్కను తీసి బాడిసెతో గుండ్రం చేస్తే ఇందాకటి నెర్రె ప్రశ్నే లేకుండా పోతుంది. ఆరిన గెడకు నూనె రాసి నిప్పు సెగ చూపితే కణాలను అతికి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడుతుంది. అప్పుడు వంకరను మోకాలికి ఆనించి సరిచేసి, చల్లారేదాకా పట్టి ఉంచితే గెడ ఆ ఆకారాన్నే నిలుపుకొంటుంది. చివరికి కింది కొనకు పొన్ను తొడుగుతారు. రోకలికి తొడిగే ఇనుప పట్టాకు ఏ పేరుందో కర్ర కొన లోహపు తొడుగుకూ అదే పేరు, అది తొడిగినది పొన్నుకర్ర; పొన్ను లేని కొన రాళ్ళమీద చీపురై విచ్చుకుపోతుంది. కర్రను ఎంచడంలో ఈ జాగ్రత్త కొత్తదీ కాదు: బ్రహ్మచారి దండం నిటారుగా, గాయం లేకుండా, బెరడుతో ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది.

కార్ఖానా పక్షం: ఆ అధ్యాయాన్ని మరికాస్త చదివితే, దండం నిప్పు తగలనిదై ఉండాలన్న షరతు కూడా కనబడుతుంది, సెగ చూపి వంకర తీసిన గెడ ఆ పరీక్షలోనే ఓడిపోతుంది. అంతకంటే గమనించదగినది ఇంకొకటి: అక్కడ కర్ర పొడవు ఒకరికి జుట్టుదాకా, ఒకరికి నుదుటిదాకా, ఒకరికి ముక్కుదాకా అని వర్ణాన్ని బట్టి నిర్ణయమైంది, మారేడా మోదుగా మర్రా అన్నది కూడా వర్ణాన్ని బట్టే, నడిచే నేలను గాని, కాలి నొప్పిని గాని అడిగినవారు లేరు. మనిషికి తగినట్టు చేసిన కర్రకు ప్రాచీన సాక్ష్యం కావాలంటే వేరేచోట వెదకవలసిందే. ఇక పైన వర్ణించిన పని క్రమం నిర్దుష్టమైనది, దాన్ని మెచ్చుకోకుండా ఉండలేం అనిపించేటంత నిండైనది. కాని దాన్ని ఆ క్రమంలో చేసేవారు ఎందరు? నడకకర్ర చేసుకోవాలన్న ఉబలాటం సాధారణంగా ప్రయాణానికి వారం ముందు పుడుతుంది, చలికాలపు కోతా వారాల నానబెట్టుడూ నెలల ఆరబెట్టుడూ ఆ వారంలో ఇమడవు. అందువల్ల ఆచరణలో మిగిలేది పచ్చి గెడ, దానిమీద తళతళలాడే వార్నిష్, దానిలో వేసిన రంధ్రాలు. పైభాగంలో దిక్సూచి పొదగడానికి ఒక బెజ్జం, తాడు దూర్చడానికి ఒకటి, కెమెరా నిలిపే మర బిగించడానికి ఇంకొకటి. సొంత హంగులు అనే పేరుతో చేసే ఈ పనుల్లో చాలావరకు కర్రను బలహీనపరచేవే. వెదురులో కణుపుల మధ్య బరమాతో వేసిన రంధ్రం, అటూ ఇటూ పోగులను కలిపి పట్టేది లేక, నిలువు చీలికకు దారి తీస్తుంది. పైకొనకు బరువు చేర్చిన కొద్దీ కర్రను ఊపడానికి చేయి ఎక్కువ శ్రమపడాలి.

చేతిపని పక్షం: రంధ్రాల విషయంలో కార్ఖానా పక్షం మాట పూర్తిగా అంగీకారం, కర్రను సొంతం చేసుకోవడం అంటే దానిని తొలిచి సామాన్లు పొదగడం అనుకొన్నవారు కర్రను కాక అలమారను కోరుకొంటున్నారు. కాని పైపై హంగులు వేరు, వాటివల్ల బలం తగ్గదు, ఉపయోగం పెరుగుతుంది. పట్టుకొనే చోట నూలుతాడును వరుసగా, ఒత్తుగా చుట్టితే చెమటచేయి జారదు, ఎక్కుడుకు ఒకటీ దిగుడుకు ఒకటీ రెండు చుట్టలు వేసుకోవచ్చు. కింది కొన నుంచి 10 సెంటీమీటర్లకొక గీతను కాల్చి గుర్తుపెడితే వాగులో దిగేముందు లోతు ఎంతో కర్రే చెబుతుంది, అడుగుజాడల పక్కన పెట్టి కొలవడానికీ పనికొస్తుంది. ఆరిపోయి గట్టి పొరగా మారే అవిసె నూనెను పలుచగా, పూటపూటకూ ఆరనిస్తూ పట్టించడం వార్నిష్ కంటే మేలు, గీత పడిన చోట మళ్ళీ రాస్తే చాలు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకొనే ప్రమాదం ఉంది కనుక వాటిని విప్పి ఆరేయాలి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు లక్కరంగులు పట్టించే పనివాళ్ళున్నారు; పైకొనకు అటువంటి గుబ్బ ఒకటి చేయించి తొడిగితే అందం గెడ పోగుల జోలికి పోకుండానే వస్తుంది. ఇతర దేశాల్లో కర్రే యాత్రకు పద్దుపుస్తకం అయింది: జపాన్‌లో ఫ్యూజీ పర్వతం ఎక్కేవారు ఎనిమిది పలకల కర్ర కొని, దారిలోని మజిలీల్లో కాల్చిన ముద్రలు వేయించుకొంటారు, బాస్క్ ప్రాంతంలో మఖిల అనే కర్ర కోసం మెడ్లర్ అనే చెట్టు కొమ్మను బతికి ఉండగానే గాట్లు పెట్టి వదిలేస్తే, చెట్టు తన గాయాలను తానే మాన్పుకొంటూ నగిషీ పూర్తిచేస్తుంది.

కార్ఖానా పక్షం: ఇక్కడ ఒక సంగతి తనంతట తానే బయటపడింది. ఫ్యూజీ కర్ర కొన్నది, ముద్ర వేసింది మజిలీవారు. మఖిల నిపుణుల చేతి సరుకు. ఏటికొప్పాక గుబ్బ అక్కడి పనివారిది, గెడ మేదరులది, పొన్ను కమ్మరిది. సొంతంగా చేసుకొన్న కర్ర అని ఇంతసేపూ సమర్థించినది నిజానికి నలుగురైదుగురు పనివాళ్ళ చేతుల మీదుగా వచ్చిన కర్ర. అది తప్పేమీ కాదు, కాని కార్ఖానాకూ దానికీ ఉన్న తేడా అప్పుడు చేయడం, కొనడం అన్న తేడా కాదు, ఎవరి దగ్గర కొనడం అన్న తేడా మాత్రమే. మేదరుల వద్ద కొన్న గెడకు బేరమాడి, కార్ఖానా కర్రకు చీటీ మీది ధర చెల్లించేవారు ఏ పనిని గౌరవిస్తున్నట్టు? మోకాలి కీళ్ళు అరిగినవారు, అరవై దాటాక మొదటిసారి కొండదారి పట్టినవారు ఒక శీతకాలం, ఒక వేసవి ఆగి కర్ర ఆరేదాకా చూడాలనడం వారిని ఇంట్లో కూర్చోబెట్టడమే. నేలను అదరగొట్టి పామును తొలగించే మాట కూడా ఏ కర్రకైనా వర్తిస్తుంది. పైగా రక్తపింజర వంటి పాము అదురు తెలిసినా తరచు కదలక అక్కడే బుసకొడుతూ ఉంటుంది గనుక, కర్ర చప్పుడును నమ్మి అడుగు చూసుకోకపోవడం ఏ కర్రతోనైనా ప్రమాదమే.

చేతిపని పక్షం: కీళ్ళ నొప్పి ఉన్నవారికి, తొందరగా బయలుదేరవలసినవారికి జత గొట్టాలే మేలని ఒప్పుకోవడానికి అభ్యంతరం లేదు. పనివాళ్ళ మాట కూడా నిజం, కాని అది ఈ పక్షాన్ని బలపరుస్తుంది. గెడ ఇచ్చినవారు ఏ పొద నుంచి, ఏ నెలలో కోశారో అడగవచ్చు, పొన్ను వదులైతే కమ్మరి దగ్గరికే తీసుకుపోవచ్చు. కర్రలో ఏ మెట్టు ఎవరు చేశారో తెలిసినవారికి దాని లోపం ఎక్కడ ఉండవచ్చో తెలుస్తుంది. గొట్టం బిగింపు లోపల ఏముందో కొన్నవారికి తెలియదు, చెడితే మార్చి కొత్తది కొనడమే దారి. దాని మొనకు ఉండే టంగ్‌స్టన్ కార్బైడ్ అనే అతి గట్టి పదార్థం, రబ్బరు తొడుగు లేకపోతే, రద్దీ దారుల్లో రాళ్ళమీద గీతలు మిగిల్చిపోతుంది. ఇవన్నీ పక్కన పెట్టినా బలం విషయంలో అనుమానం తీరడానికి నేరుగా ఒక దారి ఉంది: ఆరిన కర్రను రెండు దిమ్మెల మీద ఆనించి, నడుమ మనిషి తన బరువును మెల్లగా మోపి చూడాలి. పుచ్చినదీ పోగు వంకరదీ అక్కడే, ఇంటి అరుగు మీదే, బయటపడుతుంది.

కార్ఖానా పక్షం: ఆ పరీక్ష కనబడినంత అమాయకమైనది కాదు. కొయ్య వంగినప్పుడు పైవైపు పోగులు నొక్కుకుపోతాయి, కిందివైపువి సాగుతాయి. కొయ్య సాగుడును ఓర్చినంతగా నొక్కుడును ఓర్చలేదు, కనుక చప్పుడు రాకముందే, నెర్రె కనబడకముందే, నొక్కుడు వైపు పోగులు సన్నని ముడతలుగా మడతపడతాయి. పరీక్షలో నెగ్గిన కర్ర పరీక్షకు ముందున్న కర్ర కాకపోవచ్చు. వార్నిష్ కిందా తాడుచుట్ట కిందా ఆ ముడత పడితే దాన్ని చూసే వీలు కూడా ఉండదు. కార్ఖానాలో మచ్చుకు తీసిన గొట్టాలను విరిగేదాకా పరీక్షించి పారేస్తారు, వాడేవారికి అందేది ఆ పరీక్ష భారం మోయని గొట్టం. ఇంట్లో ఉన్నది ఒక్క కర్రే అయినప్పుడు విరిచి చూడడానికి రెండోది ఎక్కడిది?

చేతిపని పక్షం: ఒకే గెడ నుంచి కర్రకు కావలసినదాని కంటే పొడవైన ముక్క వస్తుంది, మిగిలిన భాగాన్ని విరిచి చూడవచ్చు, అది మొదలు వైపుదైతే కర్ర కంటే బలంగా, కొనవైపుదైతే బలహీనంగా ఉంటుంది గనుక, ఆ పరీక్ష కర్ర బలాన్ని సూచిస్తుందే తప్ప నిరూపించదని ఒప్పుకోవాలి. అయితే నొక్కుడు ముడత గురించిన ఆ హెచ్చరిక కార్ఖానా కర్రకూ అంతే వర్తిస్తుంది. కొన్న రోజున ఏ భారమూ మోయని కార్బన్ గొట్టం మొదటి యాత్రలో బండల మధ్య ఇరుక్కొని పక్కకు ఒరిగిన తరువాత దాని పొరల్లో ఏం జరిగిందో కార్ఖానా పరీక్ష చెప్పదు, రంగుపూత కింద కంటికీ తెలియదు. ఆరిన వెదురును గోటితో తట్టి, నున్నని రాయి మీద ఆనించి మోగించి, మొద్దుగా పలికితే పక్కన పెట్టే అలవాటు కొందరు పనివాళ్ళకు ఉంది.

కార్ఖానా పక్షం: ఉంది, ఆ అలవాటు ఉన్నవారి చేతిలోని కర్రమీద ఈ పక్షానికి పేచీ లేదు. పేచీ అంతా, కర్రను చెక్కినంత మాత్రాన ఆ చెవి కూడా వచ్చేస్తుందన్న భరోసా మీద.

చేతిపని పక్షం: చెక్కకుండా అది వచ్చే దారి ఏదో ఆ పక్షం ఇంతవరకు చెప్పలేదు.